రెండు గుర్తుల పడవ

మొండిలంక చిదంబరయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు. పని మాత్రం తప్పకుండా దొరికేది. "మనసు నిలవడం లేదండీ" అని వచ్చినవాడి ఒళ్ళో చిక్కుపడ్డ వల పడేసి విప్పమనేవారు. "మా తమ్ముడి కంటే నేనే ఎక్కువ పాటుపడ్డానండీ, మీరే చెప్పండి" అని తగవు మోసుకొచ్చినవాణ్ణి రోటి దగ్గర నిలబెట్టి, తమ్ముణ్ణి కూడా పిలిపించి, చెరో రోకలి ఇచ్చేవారు. వలలు బాగయ్యేవి, వడ్లు దంపుడయ్యేవి. అడిగినవాళ్ళలో కొందరు ఏదో తెలిసినట్టు మొహం పెట్టుకుని వెళ్ళేవారు. కొందరు ముసలాయన ఉచితంగా చాకిరీ చేయించుకున్నాడని గొణుక్కుంటూ వెళ్ళేవారు. ఉభయులకూ ఆయన మజ్జిగ ఇచ్చే పంపేవారు.

ఆయన సన్యాసి కాదు, పండితుడూ కాదు. వయసులో ఉండగా గోదావరి మీద లాంచీలు నడిపిన సరంగు. కొన్నాళ్ళు కాకినాడ రేవులో కూడా పనిచేశారు. వయసు మళ్ళాక ఏటి నడుమ ఉన్న ఈ లంకలో పాక వేసుకుని, తత్వాలు పాడుకుంటూ, తన దగ్గరకు వచ్చిన పదిమందికీ తనకు తెలిసింది ఇలా పనుల రూపంలో పంచిపెడుతూ ఉండేవారు. నేను ఆ రోజుల్లో లంకలోని బడిలో పంతులుని. బడి విడిచిపెట్టగానే నా నడక ఆయన పాక వైపే సాగేది.

ఒక ఏడు వరద వచ్చి, గట్టున కట్టి ఉన్న ఆయన పడవను తాడుతో సహా పట్టుకుపోయింది. నీరు తీసిన తరువాత ఆయన కొత్త పడవ పనికి పూనుకున్నారు. ఒకరోజు వాకిట్లో తుమ్మకొమ్మలు కుప్పపోసుకుని, వంపు తిరిగినవి ఒక పక్కకూ, తిన్ననివి పొయ్యిలోకీ ఏరుతున్నారు. పడవ పక్కటెముకలకు చెట్టు మీదే వంగి పెరిగిన కొమ్మ కావాలి. తిన్ననిదాన్ని మనం వంచితే అది ఎప్పటికైనా తన మాట తను వింటుందని ఆయన అనేవారు. ఆ కుప్ప పక్కన గొంతుక్కూర్చుని తమ్మయ్య అడిగాడు.

"గురువుగారండీ, ఇచ్చేసినదాన్ని రోజూ తలుచుకుంటూ ఉంటే, అది ఇచ్చినట్టేనా?"

చిదంబరయ్యగారు తల ఎత్తలేదు. "ఆ వంకరకొమ్మ ఇలా అందుకో" అన్నారు.

తమ్మయ్య ఎవరో, ఏమి ఇచ్చాడో చెప్పాలి. అతను కొబ్బరిపీచుతో తాళ్ళు పేనేవాడు. స్వగ్రామం అవతలి గట్టు మీది కొత్తరేవు. పురిట్లో భార్య పోయి, చేతిలో ఆడపిల్ల మిగిలింది. పిల్లకు వరాలు అని పేరు పెట్టుకుని, తాడు పేనే చోటే కొబ్బరిచెట్ల మధ్య ఉయ్యాల కట్టి, ఒక చేత్తో పీచు, ఒక చేత్తో ఉయ్యాల అన్నట్టు నెట్టుకొచ్చాడు. పిల్ల పాకడం నేర్చింది. ఒకనాడు పనిలో పడి చూసుకోలేదు. పీచు నానేసిన గుంట అంచున, నీళ్ళలో రెండు చేతులూ పెట్టి తపతపలాడిస్తూ కనిపించింది. ఇంకొక్క జానెడు పాకి ఉంటే ఏమయ్యేదో! ఆ వణుకు అతనికి తగ్గలేదు. కొత్తరేవులోనే అన్న పుల్లయ్య, వదిన బంగారమ్మ ఉన్నారు. వాళ్ళకు పిల్లలు లేరు. వాళ్ళు నోరు తెరిచి అడగలేదు. ఇతనే వెళ్ళి, "వదినా, దీన్ని నువ్వు పెంచుకో" అన్నాడు.

ఆ వైపు వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పిల్లను పెంపకానికి ఇచ్చేటప్పుడు పెద్దల ఎదుట పసుపునీళ్ళు వదిలి, "ఇచ్చాను" అని ముమ్మారు అనాలి. అన్న తరువాత ఇచ్చినవాడు వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దిగిపోవాలి. చూస్తే ఇచ్చిన మాట ఆ చూపు వెంటే తిరిగి వచ్చేస్తుందని నమ్మకం. తమ్మయ్య అలాగే దిగాడు. వెనక పిల్ల ఏడ్చిందనీ, మెడ తిప్పకుండా ఉండడానికి రేవుదాకా పళ్ళు బిగబట్టి నడిచాడనీ అతనే నాకు ఒకసారి చెప్పాడు. ఊళ్ళో ఉంటే ఆ పళ్ళు ఎన్నాళ్ళు బిగించాలో తెలియక లంకకు వచ్చేశాడు.

మొదట్లో పండక్కీ పబ్బానికీ వెళ్ళి చూసివచ్చేవాడు. పిల్లకు మాటలు వచ్చాక ఎదురు పరిగెత్తుకొచ్చి "బాబాయ్" అంది. అలా పిలవడమే ధర్మం. తండ్రి తమ్ముణ్ణి ఎవరైనా బాబాయ్ అనే పిలుస్తారు. తమ్మయ్య నవ్వి, తెచ్చిన జీళ్ళు చేతిలో పెట్టి, భోజనానికి ఆగకుండా వచ్చేశాడు. ఆ తరువాత కొత్తరేవు తీర్థపు జాతరలో ఒక సంగతి జరిగింది. సందడిలో తిరిగి తిరిగి వరాలు అతని భుజం మీదే నిద్రపోయింది. అన్నగారి ఇల్లు తూర్పు వీధిలో. తమ్మయ్య కాళ్ళు పడమటికి, రేవు వైపు నడిచాయి. "నేను నడవలేదండీ, అవే పోయాయండీ" అనేవాడు. పడవలో ఒక కాలు పెట్టేసరికి వెనక నుంచి బంగారమ్మ జుట్టు విడిపోయి, రొప్పుతూ వచ్చి, మాట్లాడకుండా పిల్లను తన భుజం మీదకు మార్చుకుంది. ఆ తరువాత అడిగింది.

"ఇచ్చావా మరిదీ, దాచమన్నావా?"

అదీ జరిగింది. ఆనాటి నుంచి తమ్మయ్య గోదావరి దాటలేదు. తన గుడిసెలో అవతలి గట్టు కనిపించే కిటికీకి తడిక కట్టేశాడు. తాడు పేనుతూ వెనక్కి వెనక్కి నడవాలి కదా, ఆ నడక కూడా ఏటి వైపు మొహం పడకుండా దారి మార్చుకున్నాడు. ఇంత చేసినా లోపలి కిటికీకి తడిక దొరకక, చిదంబరయ్యగారిని ఆ ప్రశ్న అడిగాడు.

వంకరకొమ్మ అందించినవాడికి గొడ్డలి అందింది. గొడ్డలి పట్టినవాడికి చిత్రిక. పాత బల్లకట్టు ఒకటి విప్పి అమ్ముతుంటే గురువుగారు టేకు పలకలు తెప్పించారు. అడుగున వెన్నులా సాగే దూలం, దానికి ఇరువైపులా తుమ్మ పక్కటెముకలు, వాటి మీద పలకలు. పలకను వంచడానికి తడిపి, కొబ్బరిడొక్కల మంట మీద కాచి, అది మెత్తబడిన క్షణంలో ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి నొక్కాలి. తమ్మయ్య నొక్కుతూ ఒకసారి మళ్ళీ అడిగాడు.

"నేనడిగినదానికి ఏమీ చెప్పలేదండి."

"నొక్కు. ఇప్పుడు వదిలితే విరుగుతుంది."

పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోశారు. అడుగుకు తారు పట్టించారు. కట్టుతాడు తమ్మయ్యే పేనాడు. అంత చక్కని తాడు ఆ లంకలో అదివరకు ఎవరూ చూడలేదు.

తగాదా అంతా కూర్చునే బల్ల దగ్గర వచ్చింది. మా వైపు పడవలు గడతో తోస్తారు, లేదా ముందుకు మొహం పెట్టి ఒక తెడ్డుతో వేస్తారు. చిదంబరయ్యగారు అలా చేయలేదు. రెండు పక్కలా రెండు తెడ్లు తాటి ఉచ్చుల్లో బిగించి, వేసేవాడు పడవ ముందుకొనకు వీపు పెట్టి కూర్చునేలా బల్ల వేశారు. కాకినాడ రేవులో ఓడల చిన్నపడవలు అలాగే ఉంటాయట. రేవు పడవ నడిపే పోలయ్య చూసి పోదామని వచ్చి, ముక్కున వేలేసుకున్నాడు.

"ఏంటండి గురువుగారూ, బల్ల తిరగేసి కొట్టేశారు? ఎదర ఏమొస్తుందో ఎవరు చూస్తారండి, మీ వీపా?"

"వీపు చూడదు గనకే జంకదు పోలయ్యా."

"ఆయ్. జంకు సంగతి దిగువన ఆ రాతికట్ట సుడి దగ్గర తెలుస్తుంది లెండి. మరేమండీ, మన పంతులుగారిని కూడా ఎక్కించుకోండి. మునిగేటప్పుడు ఎక్కాలు చెప్తారు."

గురువుగారు నవ్వి, "గడ అందే చోట నువ్వు నడిపినట్టే నడపాలి. అందని లోతులో నడుము బలం కావాలి. అది వెనక్కి వాలితేనే వస్తుంది" అన్నారు.

పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పడవను నీళ్ళలోకి దించారు. కొత్త పడవలన్నిటిలాగే నీళ్ళు తాగింది. పలకలు ఉబ్బి సందులు మూసుకోవడానికి గట్టు పక్కనే కొన్నాళ్ళు ముంచి ఉంచారు. తేల్చాక గురువుగారు తీరిగ్గా, "కిరసనాయిలు అయిపోయింది. కొత్తరేవు పోయి తెచ్చుకుందాం. తమ్మయ్యా, తెడ్లు నువ్వు వెయ్యి" అన్నారు.

తమ్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను రేవు దాటి ఊళ్ళోకి మాత్రం రానండి" అన్నాడు.

"నిన్ను కిరసనాయిలు మొయ్యమనలేదుగా" అన్నారు గురువుగారు.

ముగ్గురం ఎక్కాం. తమ్మయ్య నడుమ బల్ల మీద కూర్చున్నాడు. గురువుగారు వెనకకొన మీద, అతనికి ఎదురుగా, పోయే దిక్కు తనకు కనబడేలా కూర్చున్నారు. సందులు ఇంకా పూర్తిగా మూసుకోలేదు గనక కొబ్బరిచిప్ప పట్టుకుని నీళ్ళు తోడే ఉద్యోగం నాకు దక్కింది. నాలుగు తెడ్లు వేసేసరికి తమ్మయ్య వెనక్కి మెడ తిప్పి గట్టు ఎక్కడుందో చూసుకున్నాడు. పడవ అటే తిరిగింది. సరిచేసుకుని మళ్ళీ మెడ తిప్పాడు. ఈసారి ఇటు తిరిగింది.

"పోయే గట్టును చూడకు. దాన్ని నేను చూసుకుంటాను" అన్నారు గురువుగారు. "నీ ఎదుట ఏముంది?"

"మన లంక అండి."

"లంకలో?"

"ఒడ్డున మీ తాడిచెట్టు అండి."

"చెట్టు ఒక్కటే పట్టుకుంటే లాభం లేదు. నీరు నిన్ను కిందకు లాక్కుపోతున్నా చెట్టు కనబడుతూనే ఉంటుంది, బాగానే పోతున్నాననుకుంటావు. దాని వెనకాల ఇంకొకటి పట్టు."

"మీ పాక కొప్పు అండి."

"కొప్పు చెట్టు చాటుకు వచ్చేలా ఉంచు. పక్కకు జరిగిందా, నువ్వు దారి తప్పావు. రెండూ కలిసే ఉన్నాయా, తిన్నగా పోతున్నావు."

తమ్మయ్యకు వెంటనే పట్టుబడింది. తాడు పేనేవాడి కన్ను కదా, వెనక్కి నడుస్తూ ఎదుట చూడడం దానికి అలవాటే. గీత గీసినట్టు దాటాం.

కొత్తరేవులో గురువుగారు ఒక్కరే డబ్బా పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళారు. పడవ వింతగా ఉందని రేవులో ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారు. తమ్మయ్య తల వంచుకుని, తెడ్డు ఉచ్చుల్ని అవసరం లేకపోయినా విప్పి కట్టుకుంటున్నాడు. కబురు ఎవరు చేర్చారో, కాసేపటికి బంగారమ్మ బిందె చంకనెత్తుకుని వచ్చింది. వెనకాలే వరాలు. ఎనిమిదేళ్ళుంటాయేమో, పసుపురంగు పరికిణీ, ఒక జడ ఊడిపోయి ఉంది.

"బతికే ఉన్నావా మరిదీ?" అంది బంగారమ్మ. "ఏరు దాటితే మేమేమన్నా పులులమా, పట్టి తినేస్తామా?"

"బాగున్నావా వదినా? అన్నయ్యేడీ?"

"పొలం పోయాడు. నువ్వొచ్చావంటే నమ్మడు."

వరాలు అప్పటికే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి పడవ చుట్టూ తిరుగుతోంది. "బాబాయ్, దీన్ని నువ్వే చేశావా?"

"గురువుగారు చేశారమ్మా. నేను సాయం పట్టాను."

"దీనికి ముందేది, వెనకేది?"

"ఈ కోసుగా ఉన్నది ముందు."

"మరి నువ్వు అటు తిరిగి కూచోలేదేం?"

"ఇది అంతేనమ్మా. వెనక్కి చూస్తూ ముందుకు పోవాలి."

"అయ్యో బాబాయ్! ఎక్కడికి పోతున్నావో నీకే తెలీదా?" అని పిల్ల పకపకా నవ్వింది. తమ్మయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చేలోగా ఆ పిల్ల అనేసింది. "నన్నెక్కించుకోవా? ఆ లంక దాకా తీసుకెళ్ళి మళ్ళీ దింపెయ్యి."

బంగారమ్మ బిందె కిందపెట్టింది. నీళ్ళలోకి రెండడుగులు వేసి పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎంత గట్టిగా పడిందో, పిల్ల "అబ్బా అమ్మా" అంది. తమ్మయ్య ఆ చేతినే చూస్తున్నాడు. తెడ్లు రెండూ అతని గుప్పిళ్ళలో ఉన్నాయి. ఈసారి పడవ అతని వశంలోనే ఉంది, రేవు ఖాళీగా ఉంది, నాలుగు తెడ్లు వేస్తే లోతు నీరు. కాళ్ళు వాటంతటవే నడిచిన ఆనాటి సంగతి మా ముగ్గురికీ తెలుసు. తెలియనిది ఆ పిల్లకు ఒక్కదానికే.

తమ్మయ్య తెడ్లు లోపలికి లాగి పెట్టాడు. పడవ దిగి, తాను పేనిన కట్టుతాడు కొస తీసుకుని వదినగారి దగ్గరకు వచ్చాడు.

"వదినా, తాడు నువ్వు పట్టుకో."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"గట్టిగా పట్టుకో" అన్నాడు.

బంగారమ్మ తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది. అప్పుడు తమ్మయ్య పిల్లను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, తెడ్లు చేతికిచ్చి, తాను నీళ్ళలోనే పడవ అంచు మీద చెయ్యి వేసి వెంట నడిచాడు. వరాలు తెడ్లు వేసింది. ఒకటి నీళ్ళలో, ఒకటి గాలిలో. నేను నిలువునా తడిశాను. పడవ బారెడు దూరం పోయి, తాడు బిగిసి ఆగింది.

"కదలడం లేదు బాబాయ్."

"కదులుతోందమ్మా. తాడు ఉన్నంత మేర కదులుతోంది."

బంగారమ్మ ఒక చుట్టు విప్పింది. పడవ ఇంకాస్త పోయింది. కాసేపయ్యాక రెండో చుట్టూ విప్పి, కొస మాత్రం పట్టుకుంది. పిల్ల ఒక్కతే తాను ఏకంగా సముద్రం దాటుతున్నట్టు కేకలు పెడుతోంది.

గురువుగారు కిరసనాయిలు డబ్బాతో తిరిగి వచ్చేసరికి ఆకాశం ఎర్రబడుతోంది. పాటు మొదలై నీరు సముద్రం వైపు లాగుతోంది. తమ్మయ్య పిల్లను ఎత్తి రేవులోని చాకలిబండ మీద దింపాడు. బంగారమ్మ తాడు కొస పడవలోకి విసిరేసి, మెట్లెక్కి గట్టు మీదకు వెళ్ళి నిలబడి, అక్కడి నుంచి అంది. "మా బావి చేదతాడు పాతదైపోయింది మరిదీ. ఈసారి వచ్చేటప్పుడు ఒకటి పేని తీసుకురా."

తమ్మయ్య తల ఊపాడు.

పడవ బయలుదేరింది. ఇప్పుడు లంక అతని వీపు వెనక ఉంది. కొత్తరేవు కళ్ళ ఎదుట ఉంది. బల్ల మీద కూర్చున్న మరుక్షణం తమ్మయ్య తల దించేశాడు. చూపు పడవ అడుగున, నేను తోడుతున్న నీళ్ళలో పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు తెడ్లు వేయసాగాడు. అంత బలంగా అతను వచ్చేటప్పుడు వేయలేదు. పడవ మాత్రం తిన్నగా పోలేదు. పాటునీరు ముందుకొనను పట్టి కిందకు లాగుతోంది. అదృష్టవశాత్తూ గాలి లేదు. లేకపోతే చెప్పనక్కరలేదు. రాతికట్ట దగ్గర నీరు సుడి తిరుగుతున్న చప్పుడు వినబడసాగింది. తన పడవలో ఎదురొస్తున్న పోలయ్య గడ పైకెత్తి అరిచాడు.

"ఓయ్ తమ్మయ్యా! లంక ఇటు! నువ్వు సముద్రానికా?"

రేవు వైపు నుంచి పిల్ల గొంతు వచ్చింది. "బాబాయ్! వంకరగా పోతున్నావ్!"

తమ్మయ్య తల ఇంకా కిందకు దిగింది. చెంపల మీద చెమటో మరొకటో కారుతోంది. నేను చిప్ప ఆపేసి గురువుగారి వైపు చూశాను. ఆయనలో తొందర లేదు.

"ఏం చూస్తున్నావు తమ్మయ్యా?"

"పడవ అడుగు అండి."

"అడుగు నీతోనే వస్తుంది. అది ఏ దారీ చెప్పదు. తల ఎత్తు."

"ఇచ్చి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదన్నారండి." ఆ గొంతు మొరపెట్టుకుంటున్నట్టే ఉంది. "చూస్తే మాట వెనక్కి వచ్చేస్తుందన్నారండి. ఇన్నాళ్ళూ చూడలేదండి. మీరు చూశారుగా, ఇవాళ కూడా నేను ఇచ్చే వచ్చానండి."

"చూశాను" అన్నారు గురువుగారు. "అది కాళ్ళతో నడిచిపోయేవాడికి చెప్పిన మాట. నువ్విప్పుడు తెడ్ల మీద ఉన్నావు."

అని, తాను కూర్చున్న చోటు నుంచి పక్కకు జరిగారు. ఆయన వీపు చాటున ఉన్న కొత్తరేవు అంతా ఒక్కసారిగా తమ్మయ్య ఎదుటికి వచ్చింది. అతను తల ఎత్తాడు.

నీటి అంచున చాకలిబండ మీద పసుపురంగు పరికిణీ. పిల్ల రెండు చేతులూ ఊపుతోంది. ఆ చూపుకు తమ్మయ్య చేతులు ఆగిపోయాయి. తెడ్ల కొసల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. పడవ మరింత కిందకు జారింది.

"పిల్ల కనబడుతోందా?"

"కనబడుతోందండి."

"కనబడుతూనే ఉంటుంది. నువ్వు రాతికట్టకు కొట్టుకునేదాకా కనబడుతూనే ఉంటుంది. దాని వెనకాల ఎవరున్నారు?"

తమ్మయ్య కళ్ళు తుడుచుకుని చూశాడు. పిల్లకు సరిగ్గా వెనకగా, మెట్ల పైన గట్టు కొసన బంగారమ్మ నిలబడి ఉంది. బిందె ఇంకా నింపుకోలేదు. ఖాళీ బిందె చంకనపెట్టుకుని, కంటికి చెయ్యి అడ్డం పెట్టి మా పడవనే చూస్తోంది. పడవ కిందకు జారిపోవడం వల్ల మాకు ఆ ఇద్దరూ ఎడంగా కనబడుతున్నారు. పిల్ల ఒక చోట, ఆమె ఒక చోట.

"మా వదిన అండి" అన్నాడు.

"చాటుకు తీసుకురా."

తమ్మయ్య ఎడమచేతి తెడ్డు నీటిలో బిగించి పట్టి, కుడిచేతి తెడ్డు ఒంటిగా వేశాడు. పడవ మొహం నెమ్మదిగా ఎగువకు తిరిగింది. అప్పుడు రెండు తెడ్లూ కలిపి వెనక్కి వాలాడు. టేకు పలకలు కిర్రుమన్నాయి. మళ్ళీ వాలాడు. చాలాసేపు ఆ ఇద్దరి మధ్య ఎడం తగ్గినట్టే కనబడలేదు. ఒక తెడ్డుకు కాస్త తగ్గితే ఆ తెడ్డు ఎత్తేలోగా ఏరు మళ్ళీ పెంచేసేది. అతని మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఏదో అంటున్నాయి గానీ నాకు వినబడలేదు. ముమ్మారు అన్నాడో, ఎన్నిమార్లు అన్నాడో కూడా తెలియదు. అయితే కళ్ళు మాత్రం ఈసారి దించలేదు. సుడి చప్పుడు దగ్గరగా వచ్చి, పక్కనే ఉండి, కొంతసేపటికి వెనకబడింది.

ప్రతి తెడ్డుకూ కొత్తరేవు దూరమవుతోంది. పరికిణీ పసుపు మసకబారింది. చేతులు ఊపుతోందో లేదో తెలియకుండా పోయింది. ఇన్నేళ్ళలో తమ్మయ్య అంతసేపు ఆ వైపు చూడడం అదే మొదలు. చూస్తున్నంతసేపూ తన రెక్కలతోనే తాను ఆ పిల్లకు దూరమవుతున్నాడు. నేను నీళ్ళు తోడడం మరిచిపోయి కూర్చున్నాను. చీలమండల దాకా వచ్చాయి. గురువుగారు కూడా గుర్తు చేయలేదు.

ఏటి నడిమికి వచ్చాం. తమ్మయ్య కళ్ళు చికిలించి, రొప్పుతూ, మెల్లగా అన్నాడు.

"గురువుగారండీ, ఇద్దరూ కలిసిపోయి ఒక్కరిలాగే కనబడుతున్నారండి. ఎవరు ఎవరో తెలియడం లేదండి."

చిదంబరయ్యగారు వెనక్కి తిరిగి చూడలేదు. అతని భుజం మీదుగా లంక వైపే చూస్తూ అన్నారు.

"అయితే సరిగ్గానే పోతున్నాం. వెయ్యి."